చాంప్ ఆంప్ ఇంట్లో కట్టేటప్పుడు: ట్రాన్స్‌ఫార్మర్లు, గ్రౌండ్, మొదటి స్విచ్

ట్యూబ్ గిటార్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్) తొలిసారి కట్టేవాళ్లకు ఫెండర్ ట్వీడ్ చాంప్ చాలు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తయారైన 5ఎఫ్1 సర్క్యూట్ అది. మూడే ట్యూబులు: ముందు, అంటే ప్రీఆంప్‌లో, 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడిపే పవర్‌కి 6వీ6, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌గా 5వై3. నాబ్ ఒక్కటే, వాల్యూమ్. వచ్చేది 5 వాట్లే అయినా పక్కఫ్లాట్ వాళ్లు తలుపు తట్టడానికి సరిపోతుంది.

చిన్న సామానంతా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. 12ఏఎక్స్7 లోపల రెండు ట్యూబులున్నట్టే. ఆ రెండు సగాలకూ ప్లేట్ (డీసీ ప్లస్ వైపు కొస) రెసిస్టర్ 100 కిలోఓమ్, క్యాథోడ్‌ది (గ్రౌండ్ వైపు కొస) 1.5 కిలోఓమ్. 25 మైక్రోఫారడ్ బైపాస్ (క్యాథోడ్ రెసిస్టర్‌కి సమాంతరంగా పెట్టే కెపాసిటర్) మొదటి క్యాథోడ్‌కే. రెండోదానికి పెట్టకూడదు, స్పీకర్ వైపు నుంచి 22 కిలోఓమ్ మీదుగా ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో వెనక్కి పంపే కొంత భాగం) వచ్చేది అక్కడికే. కప్లింగ్ కెపాసిటర్లు (డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రం తర్వాతి దశకి పంపేవి) 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టులవి. 6వీ6 క్యాథోడ్‌కి 470 ఓమ్, 5 వాట్లది. మామూలు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వాడండి. కార్బన్ కాంపోజిషన్ మీద మోజు పడితే డబ్బుతోపాటు బుస శబ్దం కూడా కొనుక్కున్నట్టే.

డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో మొదటిది 16 మైక్రోఫారడ్, తర్వాతి రెండూ 10. మూడూ 500 వోల్టులవే ఉండాలి. 5వై3 చప్పున వేడెక్కుతుంది, 6వీ6 ఇంకా కరెంటు లాగడం మొదలుపెట్టదు. ఆ కాసేపు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 325-0-325 వోల్టుల సెకండరీ మీద డీసీ 450 దాటుతుంది. హమ్ (కరెంటు లైను నుంచి వచ్చే గుంయ్‌మనే మోత) తగ్గుతుందని మొదటిదాన్ని 47 చేస్తే, నిండేటప్పుడు అది లాగే కరెంటుకి 5వై3 లోపల నిప్పురవ్వలు లేస్తాయి.

అసలు తలనొప్పి ట్రాన్స్‌ఫార్మర్లతో. అమెరికా కిట్‌లో వచ్చే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చాలావరకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. మనకు 230 ప్రైమరీ, 50 హెర్ట్జ్‌కి సరిపోయే కోర్ కావాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ షాపులో చుట్టిస్తుంటే ఒక్క మాట గట్టిగా చెప్పండి. వాళ్లు అలవాటుగా ఈ (E), ఐ (I) ఆకారపు రేకుల్ని ఒకటి అటూ ఒకటి ఇటూ పేరుస్తారు. ఇక్కడ అలా కుదరదు. ఈ (E) రేకులన్నీ ఒకవైపు, ఐ (I) రేకులన్నీ మరోవైపు పెట్టి మధ్యలో కాగితం ముక్క ఉంచాలి. ప్రైమరీలో ఎప్పుడూ 40 మిల్లీఆంపియర్ల డీసీ పారుతుంది కాబట్టి ఆ సందు లేకపోతే కోర్ సాచురేట్ అయి (ఇక అయస్కాంతత్వం పట్టలేక) బేస్ చచ్చిపోతుంది. 6వీ6 వైపు 7 కిలోఓమ్‌ల నుంచి స్పీకర్ వైపు 8 ఓమ్‌లకు చుట్ల నిష్పత్తి దాదాపు 30:1. ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో 0.4 కనిపించాలి.

పవర్ ట్యూబ్ ఒక్కటే కాబట్టి రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్‌లో లాగా హమ్ దానంతటది రద్దు కాదు. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లనూ ఒకదానికొకటి అడ్డంగా బిగించండి. ట్యూబులను వేడిచేసే హీటర్ వైర్లు బిగుతుగా మెలిపెట్టి చాసీ (లోహపు పెట్టె) మూలల్లోంచి తీసుకెళ్లండి. హీటర్ల 6.3 వోల్టుల వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (మధ్యలోంచి తీసిన తీగ) లేకపోతే చెరో కొస నుంచి 100 ఓమ్ చొప్పున గ్రౌండ్‌కి వేస్తే చాలు. హై వోల్టేజ్ సెంటర్ ట్యాప్ తీగ ముందు మొదటి ఫిల్టర్ మైనస్ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి గ్రౌండ్ చేరాలి. దాన్ని ఎక్కడో చాసీకి బిగిస్తే ఛార్జింగ్ కరెంటు ప్రీఆంప్ గ్రౌండ్ మీదుగా తిరిగి 100 హెర్ట్జ్ గరగర మొదలవుతుంది. ప్రీఆంప్ గ్రౌండ్లన్నీ ఇన్‌పుట్ జాక్ దగ్గర కలపండి. ప్లగ్ నుంచి వచ్చే ఎర్త్ వైరుకి మాత్రం చాసీ మీద విడిగా ఒక బోల్టు.

మొదటిసారి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు మీదే ఆన్ చేయండి, స్పీకర్ తగిలించే. ట్యూబుల్లేకుండా బల్బు బాగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది. మొదటి ఫిల్టర్ ప్లస్, మైనస్‌ల మధ్య 220 కిలోఓమ్, 2 వాట్ల రెసిస్టర్ ఉంటే ఆపాక అర నిమిషంలో ఛార్జ్ దిగుతుంది. అయినా మీటర్ పెట్టి చూడకుండా లోపల చెయ్యి పెట్టొద్దు.

అన్నీ సరిగ్గా ఉంటే బల్బు తీసేసి 6వీ6 క్యాథోడ్ కొలవండి. 19 వోల్టులు ఉంటే 40 మిల్లీఆంపియర్లు. ప్లేట్-క్యాథోడ్ మధ్య 300 ఉంటే 12 వాట్లు, 6వీ6కి సరిగ్గా హద్దు. 22 చూపించి ప్లేట్ ఎర్రబడుతుంటే 470 తీసి 560 వేయండి. అప్పటికీ తగ్గకపోతే కప్లింగ్ కెపాసిటర్ లీకు: 12ఏఎక్స్7 తీసేసి 6వీ6 అయిదో పిన్ మీద డీసీ చూడండి, సున్నా ఉండాలి.

ఆన్ చేయగానే కీచుమని అరిస్తే భయపడకండి. ఫీడ్‌బ్యాక్ ఫేజ్ తిరగబడింది, అంతే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలు రెండూ తారుమారు చేస్తే నోరు మూస్తుంది.