చెట్టు కింద మోకు పట్టే మనిషి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం మాట వినపడినప్పుడల్లా నెల్లూరు, ఒంగోలుల్లో చెట్లు కొట్టేవాళ్లకు ఊపిరాడదు. బేరం మాట్లాడేటప్పుడు ఇంటివాళ్లు "ఎక్కేది ఎవరు?" అని అడుగుతారు. కోసిన కొమ్మను దించే మోకును, అంటే లావు తాడును, కింద ఎవరు పడతారో అడగరు. రెమ్మలు ఏరి ట్రాక్టర్లో వేసే కూలీ అనుకుంటారు గానీ, పైవాడి ప్రాణం సగం ఆయన చేతిలోనే ఉంటుంది.

అడుగు మందం, మూడడుగుల పొడవున్న పచ్చి వేపమొద్దు 60 కిలోల దాకా తూగుతుంది. అది కాస్త దూరం పడి ఒక్కసారిగా తాడుకు తగులుకుంటే, లాగుడు ఆ బరువుకు ఎన్నో రెట్లు. చేతిబలంతో ఆగేది కాదు. మోకును చెట్టు మొదలుకు చుట్టి, ఆ రాపిడితో ఆపాలి. వేప, చింతల బెరడు గరుకు కాబట్టి మామూలు కొమ్మలకు 2 చుట్లు చాలు. జామాయిల్ నున్నన, ఇంకో చుట్టు పడుతుంది. వానకు తడిసిన బెరడు లెక్క వేరు, ముందు చిన్న కొమ్మ దించి చూసుకోవాలి.

చుట్లు ఎక్కువేస్తే భద్రం అనుకోవద్దు. తాడు జారకపోతే కొమ్మ టక్కున ఆగుతుంది, మాను ఊగుతుంది, దాంతోపాటు నడుముకు తాడు కట్టుకుని కోత మిషన్ పట్టుకున్న మనిషీ ఊగుతాడు. కొత్తవాళ్లు భయంతో బిగించి పట్టేది సరిగ్గా ఇక్కడే. కొమ్మ తెగాక కిందంతా ఖాళీగా ఉంటే, నాలుగైదు అడుగులు జారనిచ్చి, మెల్లగా బిగిస్తూ ఆపాలి. రేకుల షెడ్డు మీద అయితే అంత చోటుండదు. పైగా నైలాన్ తాడు సాగుతుంది, 2 అడుగులే ఎడముంటే రేకు పగిలినట్టే. అలాంటి చోట ముక్కలు చిన్నవిగా కోయమని పైవాడికి ముందే చెప్పాలి.

తాడును చేతికి చుట్టుకోకూడదు. కాళ్ల దగ్గర ఉండలు పడనీయకూడదు, బరువు లాగినప్పుడు ఆ ఉండే కాలికి ఉచ్చవుతుంది. నిలబడేది కొమ్మ కింద కాదు, పక్కగా, పైవాడు కనపడేచోట.

మిషన్ మోతలో "కట్టు", "పట్టు" ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఈల మేలు: ఒకటి ఆపు, రెండు వదులు. ఎన్ని ఈలలకు ఏమిటో ముందే అనుకోవాలి.

కోత మిషన్ సంగతి కూడా కిందవాడిదే. చాలా మిషన్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపాలి. గొలుసుకు వేరే ఆయిల్. రంపపు పొట్టు పొడిలా రాలుతుంటే పళ్లు మొద్దుబారినట్టు, కిందికి దించి ఆకురాయి పెట్టాలి. పైకి పంపేముందు నేల మీదే స్టార్ట్ చేసి వేడెక్కించి, ఆపి, గొలుసు బ్రేకు వేసి తాడుకు కట్టాలి.

కరెంటు తీగ పక్కన ఉంటే, సరఫరా ఆపామని ఫోన్లో విన్నది చాలదు. లైన్‌మన్ వచ్చి తీగను నేలకు కలిపి ఎర్త్ వేసిందాకా మోకు ముట్టకూడదు. వీధిలో ఎవరిదో జనరేటర్ తప్పు కనెక్షన్‌తో నడుస్తున్నా తీగలోకి కరెంటు తిరిగి వస్తుంది. తడిసిన తాడు అందుకు దారి.

గాలికి ఒరిగిన చెట్లు ఇంకా మోసం. నేలకు ఆనిన కొమ్మలు మానును మోస్తుంటాయి, అవి తెగితే మాను దొర్లుతుంది. వంగిన కొమ్మకు ముందు నొక్కుకున్న లోపలివైపు కొంచెం గాటు పెట్టి, తర్వాత సాగిన వైపు నుంచి కోయాలి. సాగిన వైపు ముందే తెంపితే చీలి మొహాన కొడుతుంది. వేరుగడ్డతో సహా లేచిన చెట్టుకైతే, మాను తెగిన క్షణంలో మొదలు లేచి తిరిగి గుంతలో కూర్చోవచ్చు. కోసేవాడి చూపు రంపం మీద ఉంటుంది. ఆ గుంతలో పిల్లలో, పుల్లలు ఏరేవాళ్లో లేరని చూడాల్సింది మోకు పట్టిన మనిషే.