బ్రేకు తొక్కితేనే వణుకు
మామూలుగా కారు బుద్ధిగానే నడుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు తొక్కితే మాత్రం స్టీరింగ్ చేతుల్లో వణికేది. అంటే తప్పు చక్రాల బ్యాలెన్సింగ్‌లో కాదు, ముందు చక్రాల బ్రేకు డిస్కుల్లో, అంటే ప్యాడ్లు నొక్కిపట్టి ఆపే గుండ్రటి ఇనుప పళ్లేల్లో, ఉండొచ్చన్నమాట. ఒక షెడ్డులో డిస్కులు, ప్యాడ్లు అన్నీ మార్చాలన్నారు. కొలతలు అడిగితే మొహం చిట్లించారు.

మలక్‌పేట మెకానిక్ భాయ్ డిస్కు పక్కన వంకరను కొలిచే ముల్లు మీటరు, డయల్ గేజ్, బిగించి డిస్కును చేత్తో నెమ్మదిగా తిప్పాడు. ముల్లు 0.12 మిల్లీమీటర్ల మేర ఊగింది; చాలా కార్లకు 0.05 దాటితేనే ఎక్కువ. డిస్కు విప్పితే, అది కూర్చునే హబ్ (చక్రం మధ్య భాగం) మీద గోటికి తగిలేంత తుప్పు! దానివల్లే డిస్కు వంకరగా కూర్చుని, ఒకచోట ఎక్కువ అరిగింది. తుప్పు గీకి, డిస్కును లేత్ మిషన్ మీద చదునుగా చెక్కించాం. డిస్కు మీద ముద్రించి ఉన్న కనీస మందం కంటే ఇంకా ఎక్కువే మిగిలింది. చక్రం నట్లను టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు పడిందో చూపే పానాతో) ఎదురెదురుగా బిగించమన్నాను. నవ్వాడు కానీ, అలాగే బిగించాడు.