గోలీ మోకాళ్లు

ఆదివారం. ఐదింటికే అలారం. టొరంటో చలిలో కారు అద్దం మీది మంచు గీకి, ఐస్ హాకీ రింకుకు చేరేసరికి ఆరు దాటింది. మావాడు గోలీ, అంటే గోల్‌కీపర్. నిలబడి ఆపేది తక్కువ; పక్, అదే ఆ రబ్బరు బిళ్ల, కనిపిస్తే చాలు, టక్కున మోకాళ్ల మీద పడిపోతాడు. ఎడమ ప్యాడు బకిల్ ఒక పట్టాన పడదు. నా వేళ్లేమో కొయ్యబారిపోయాయి.

"నాన్నా, తొందరగా!"

బెంచీ మీద కాఫీ పట్టుకుని కూర్చుంటే పాతకాలపు హాకీ ఆటగాడు లెస్టర్ పాట్రిక్ గుర్తొచ్చాడు. ఒకప్పుడు గోలీ కింద పడకూడదు. పడితే పెనాల్టీ. కుటుంబం కలప వ్యాపారం అమ్మిన డబ్బుతో లెస్టర్, తమ్ముడు ఫ్రాంక్ 1911లో పసిఫిక్ తీరంలో సొంత లీగు పెట్టారు. ఆ లీగులో గోలీని పడనిచ్చారు. రింకును మూడు భాగాలు చేసే, మంచు మీది ఆ నీలిగీతలు కూడా వాళ్ల పుణ్యమే. అంతకుముందు మాంట్రియల్ వాండరర్స్ జట్టుతో 1906, 1907లలో హాకీలో పెద్ద కప్పు, స్టాన్లీ కప్ గెలిచిన లెస్టర్, తమ లీగులోని విక్టోరియా జట్టులో మాత్రం ఆటగాడూ తనే, మేనేజరూ తనే, ఓనరూ తనే. 1926లో న్యూయార్క్ రేంజర్స్ జట్టుకు వెళ్లాడు, మేనేజరుగా, కోచ్‌గా.

అందరూ చెప్పుకునేది మాత్రం 1928 ఏప్రిల్ 7 రాత్రి గురించే. స్టాన్లీ కప్ ఫైనల్ రెండో ఆట. న్యూయార్క్‌లో వాళ్ల రింకును సర్కస్ వాళ్లు ఆక్రమించడంతో ఫైనల్ మొత్తం ప్రత్యర్థి ఊళ్లోనే, మాంట్రియల్‌లో! రెండో పీరియడ్‌లో రేంజర్స్ గోలీ లోర్న్ షాబో కంటికి పక్ తగిలింది. అదనపు గోలీని పెట్టుకునే అలవాటు అప్పట్లో లేదు. ఒటావా జట్టు గోలీ అలెక్ కానెల్ గ్యాలరీలోనే ఉన్నాడు గానీ, అతన్ని ఆడించడానికి ప్రత్యర్థి మరూన్స్ జట్టు ససేమిరా అంది. నాకైతే ఇప్పటికీ మండుతుంది. చివరికి 44 ఏళ్ల లెస్టరే, నెరిసిన జుట్టుతో, ప్యాడ్లు కట్టుకుని దిగాడు. ఒక్క గోలే ఇచ్చాడు. ఓవర్‌టైమ్‌లో రేంజర్స్ ఆటగాడు ఫ్రాంక్ బూషే కొట్టిన గోలుతో 2-1 గెలుపు. ఆ ఏడాది కప్పూ వాళ్లదే.

ఆ రాత్రి ఆయన ఎన్నిసార్లు మోకాళ్ల మీద పడ్డాడో. ఎప్పుడో వేరే గోలీల కోసం ఆ రూలు తీసేయడం, చివరికి తనకే అక్కరకొచ్చింది. కప్పు సంగతి కంటే నాకు ఇదే బాగా నచ్చుతుంది.

మావాడు నాలుగు గోల్సు ఇచ్చి బయటికొచ్చాడు. లెస్టర్ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. వాడి మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. కారంతా తడి ప్యాడ్ల కంపు. మా ఆవిడ వాటిని గుమ్మం దాటనివ్వలేదు. గరాజులో ఆరేశాను.