పిడి లేని పంపు చూడ్డానికి

లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్‌లో దిగి, కార్నబీ స్ట్రీట్ షాపుల సందడి దాటుకుని బ్రాడ్‌విక్ స్ట్రీట్‌కి (అప్పట్లో దాని పేరు బ్రాడ్ స్ట్రీట్) నడిచాను. రోడ్డు పక్కన పిడి లేని చేతిపంపు ఒకటి నిలబడి ఉంది. ఇది నమూనా. అసలు పంపు ఉండిన చోటు, పబ్ గోడ దగ్గర, ఎర్ర గ్రానైట్ రాయితో గుర్తు పెట్టారు. పబ్ పేరు జాన్ స్నో, ఈ పంపు నీళ్లే కలరాకి మూలమన్న డాక్టరు పేరు. జీవితంలో చాలా ఏళ్లు మందు ముట్టని డాక్టరుకి భలే గౌరవం!

1854 ఆగస్టు చివర్లో ఇక్కడ కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో, 250 గజాల లోపలే, 500 మందికి పైగా పోయారు. చెడుగాలే కారణమని పెద్ద డాక్టర్లంతా నమ్ముతున్న రోజులవి. స్నో మాత్రం ఈ పంపు నీళ్లను అనుమానించాడు. చావులన్నీ మ్యాప్ మీద గీతలుగా గుర్తించాడు.

ఆ మ్యాప్‌నే అందరూ పొగుడుతారు. నాకైతే చనిపోనివాళ్ల లెక్కే ఆసక్తిగా అనిపించింది. నాలుగడుగులు వేస్తే పోలండ్ స్ట్రీట్ వస్తుంది. అప్పట్లో అక్కడ దిక్కులేని బీదల్ని ఉంచే వర్క్‌హౌస్ ఉండేది. చుట్టూ ఇళ్లలో చావులు, లోపల 535 మందిలో చనిపోయింది ఐదుగురే. వాళ్లకి సొంత బావి ఉంది. బ్రాడ్ స్ట్రీట్‌లోని బీరు కార్ఖానాలో 70 మందికి పైగా పనివాళ్లుంటే ఒక్కరూ చనిపోలేదు. వాళ్లు పంపు జోలికే పోలేదని యజమాని స్నోతో చెప్పాడు. కార్ఖానాలో బావి ఉంది, పైగా రోజూ బీరు ఇస్తారాయె! గాలే కారణమైతే ఈ రెండు గోడల దగ్గర ఎందుకు ఆగుతుంది?

సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. జనం అప్పటికే ఆ పేట వదిలి పారిపోవడంతో జబ్బు తగ్గుముఖం పట్టిందని స్నోయే ఒప్పుకున్నాడు. కానీ అదే రోజు పంపు పక్కనున్న 40వ నంబరు ఇంట్లో ఒక కానిస్టేబులు కలరాతో పడ్డాడు. స్నో వాదన తప్పు అని నిరూపించాలని బయల్దేరిన హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి ఫాదరే చివరికి మూలం కనిపెట్టాడు: ఆ కానిస్టేబులు పసిబిడ్డకి ముందే విరేచనాలు పట్టుకున్నాయి, గుడ్డలు ఉతికిన నీళ్లు తల్లి పారబోసిన గుంత పంపు కింది బావికి ఆనుకునే ఉంది. పిడి ఉండి ఉంటే తండ్రి జబ్బు కూడా అదే దారిన బావిలోకి చేరేది.

అక్కణ్ణుంచి బాండ్ స్ట్రీట్‌కి నడిచి, జూబిలీ లైన్ ఎక్కి వెస్ట్ హాంప్‌స్టెడ్ వెళ్లాను. టూరిస్టులకి అక్కడేం పని లేదు, మామూలు బజారే. అప్పట్లో అదొక పల్లె, కలరా ఊసే లేదు. అయినా అక్కడో వితంతువు కలరాతో పోయింది. ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న ఆవిడకి ఆ పంపు నీళ్లంటే ఇష్టం. కొడుకులు బండి మీద పంపించేవారు. చూడొచ్చిన దగ్గరి బంధువు ఒకామె కూడా అవే తాగి, ఇస్లింగ్టన్‌లో ఇంటికెళ్లి పోయింది. అవే నీళ్లు తాగిన పనిమనిషికి మాత్రం పెద్దగా ఏమీ కాలేదు. తన వాదానికి పనికిరాని ఆ సంగతిని కూడా స్నో దాచకుండా రాసిపెట్టాడు.