మాస్టారి డిట్ డిట్

మన ఈసీఈ ల్యాబ్ పక్కన మెట్ల కింద ఓ చిన్న గది ఉండేది గుర్తుందా? హ్యామ్ క్లబ్ (లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో పలకరించుకునేవాళ్ళే హ్యాములు) అని బోర్డుండేది గానీ సగం మంది అది స్టోర్ రూమ్ అనుకునేవాళ్ళు. 93-97 బ్యాచ్‌లో నేనూ మా రూమ్మేటూ క్లాసులో కన్నా అక్కడే ఎక్కువ కూర్చున్నాం. దానికి పెద్దదిక్కు మన ల్యాబ్ అసిస్టెంట్ గారు, నేవీలో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసి రిటైరై వచ్చారు, అందరికీ నేవీ మాస్టారే.

అప్పట్లో గ్రేడ్ టూ లైసెన్స్ పరీక్షకి నిమిషానికి 5 మాటల స్పీడ్‌లో మోర్స్ (పొట్టి కూత డిట్, పొడుగు కూత డా, ఈ రెంటితో అక్షరాలు పంపే కోడ్) రావాలి, గ్రేడ్ వన్‌కి 12. నాకు 5 దాటితే చెవులు మొరాయించేవి. అందుకే, మనం వినడమెందుకు కంప్యూటర్‌నే విననిద్దాం అని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అదే పెట్టేసుకున్నాం.

రేడియో స్పీకర్ నుంచి 567 టోన్ డీకోడర్ ఐసీకి (కూత ఉందో లేదో చెప్పే చిప్), అక్కణ్ణించి పీసీ ప్రింటర్ పోర్టుకి వైరు, టర్బో సీలో ప్రోగ్రామ్. టోన్ ఉందా లేదా, ఎంతసేపుంది, అంతే లెక్క. 12 మాటల స్పీడ్‌లో డిట్ 100 మిల్లీసెకండ్లు, డా 300, అక్షరాల మధ్య గ్యాప్ 300, మాటల మధ్య 700. 200 దగ్గర గీత గీశాం, దాటితే డా, లేకపోతే డిట్. ప్రాక్టీస్ క్యాసెట్ పెడితే అక్షరం పొల్లుపోకుండా స్క్రీన్ మీద పడింది, ఎగిరి గంతేశాం.

మాస్టారు నవ్వి, తన పాత ఇత్తడి కీ (మోర్స్ కొట్టే మీట) ముందుకి లాక్కుని సీక్యూ, అంటే 'ఎవరైనా ఉన్నారా' అనే పిలుపు, కొట్టారు. స్క్రీన్ మీద ఎన్ ఎన్ ఎమ్ ఏ! ఏం జరిగిందంటే ఆయన 'సీ'ని డాడిట్... డాడిట్ అని మధ్యలో చిన్న ఊపుతో పంపుతారు, మన చెవికి అది లయ, ప్రోగ్రామ్‌కి రెండు ఎన్‌లు. 'క్యూ' కూడా అలాగే ఎమ్, ఏ కింద విరిగింది. ఇంగ్లీషు 'ద' (టీ హెచ్ ఈ) అనే మాటలో టీ, హెచ్ కలిపేస్తే అది అంకె 6 అయి కూర్చునేది. "నా చేతిరాత చదవలేదురా మీ డబ్బా" అన్నారు. హ్యాముల్లో దీన్ని ఫిస్ట్ అంటారు, కీ కొట్టే తీరుని బట్టే ఎవరో గుర్తుపట్టేస్తారు.

తర్వాత రెండు నెలలు అదే గొడవ. గీత ఒకచోట పాతెయ్యకుండా, వచ్చే డిట్‌లూ డాలూ చూసుకుంటూ జరుపుకుంటూ పోవాలి. లైబ్రరీలో దుమ్ము దులిపితే 1959లోనే ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో బెర్నార్డ్ గోల్డ్ అనే ఆయన చేత్తో పంపిన మోర్స్‌ని మెషీన్‌తో చదివించడం మీద రాసిన పేపర్ దొరికింది! అక్కణ్ణించి మాకు తట్టిన చిట్కా ఏంటంటే, అక్షరానికైనా అంకెకైనా అయిదుకి మించి డిట్‌డాలు ఉండవు కాబట్టి వరసగా ఆరు గ్యాపులు చూస్తే అందులో అన్నిటికన్నా పెద్దది అక్షరాల మధ్యదో మాటల మధ్యదో అయ్యుండాలి. స్పీడ్ ఎంతన్నది తెలియక్కర్లేదు. దాంతో మాస్టారి సీక్యూ పదికి ఏడెనిమిదిసార్లు సీక్యూ లాగే పడింది.

ఇప్పుడు సీడబ్ల్యూ స్కిమ్మర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఒకేసారి వందల సిగ్నల్స్ చదివేస్తున్నాయి, నిజమే, కానీ ఆ పంపేవాళ్ళలో చాలామంది డిట్‌డాలు తనే కొలిచి పంపే కీయర్‌తోనో కంప్యూటర్‌తోనో పంపుతారు, నా లెక్కలో అది సగం గెలుపే. ఇత్తడి కీ మీద చెయ్యి పడితే ఇవాళ్టికీ అవీ తడబడతాయి.

ఒక్కటి మాత్రం అప్పట్లో మాకు చిరాకు. ఉరుములూ కరెంటు గరగరలూ దాదాపు అన్నీ దానికి డిట్‌లే, ఒక్క డిట్ అంటే ఈ, ఒక్క డా అంటే టీ, స్క్రీన్ నిండా ఈ ఈ టీ ఈ అని ఏడుస్తుండేది (టీ కనపడగానే మా వాడు క్యాంటీన్‌కి లేచేవాడు). విసుగొచ్చి ఒంటరి ఈ వస్తే పారెయ్యమని ఓ లైన్ రాసేశాను. ప్రాజెక్టు వైవా అయ్యాక మాస్టారు అదే కీ మీద మాకు కంగ్రాట్స్, 73 (హ్యాముల భాషలో శుభాకాంక్షలు) అని పంపి, చివర్న హ్యాములు పెట్టే టాటా, డిట్ డిట్, కొట్టి స్క్రీన్ వైపు చూశారు. 73 దగ్గర ఆగిపోయింది.

"ఏరా, నా టాటా ఏదిరా?"

"నాయిస్ అనుకుని పారేసిందండి మాస్టారూ."

ఆ లైన్ ఆ రాత్రే తీసేశాను.