డబ్బా మీద 1200, బకెట్‌లో 380

దొరికింది! ఎండలు మొదలైనప్పటినుంచి రాత్రిళ్ళు నిద్ర పాడుచేస్తున్న చేపల ట్యాంక్ ఫిల్టర్ గరగర శబ్దం ఎక్కడిదో ఎట్టకేలకు తేలింది. కాకపోతే అది వెతికే పనిలో ఫిల్టర్‌ని నానారకాలుగా కొలిచేసరికి దాని మీద మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది, ఇక కొత్త కానిస్టర్ (ట్యాంక్ బయట విడిగా ఉండే డబ్బా ఫిల్టర్) కొనక తప్పదు.

ట్యాంక్ పాతదే, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్క ప్రకారం 250 లీటర్లు, మొక్కలకి వేసిన మట్టి, దుంగలు, రాళ్ళు పోను అసలు నీళ్ళు 210 దాకా ఉంటాయి. చేపలు ఏంజెల్స్, కోరీలు, వెనకంతా వాలిస్నేరియా మొక్కలు. కింద కబోర్డులో ఉన్న కానిస్టర్ చవకరకం, పేరెందుకులెండి, డబ్బా మీద గంటకి 1200 లీటర్లు అని ఉంటుంది. అంటే గంటకి ఐదారు సార్లు ట్యాంక్ నీళ్ళన్నీ తిరగాలి, పేపర్ మీద బ్రహ్మాండం.

సమస్య ఏంటంటే ఆదివారం నీళ్ళు మార్చాక రెండు మూడు రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది, బుధవారమో గురువారమో రాత్రికి మొదలవుతుంది, ముందు చిన్న టిక్‌టిక్, తర్వాత గరగర, తర్వాత స్ప్రేబార్‌లోంచి (నీళ్ళు ట్యాంక్‌లోకి తిరిగొచ్చే చిల్లుల గొట్టం) ఉమ్మినట్టు బుడగలు. కానిస్టర్‌ని పట్టుకుని పక్కకి వంచి ఊపితే గాలి బుస్సున బయటికి పోయి గంటసేపు బాగుంటుంది, మళ్ళీ అదే గోల.

ఎవరినడిగినా ఓ రింగ్ (కానిస్టర్ మూత దగ్గర సందు మూసే రబ్బరు చుట్టు) అంటారు. ఓ రింగ్ తీసి, గాడి శుభ్రంగా తుడిచి, సిలికాన్ గ్రీజు రాశా (వాసెలిన్ రాయొద్దు, కొన్నిరకాల రబ్బరు ఉబ్బిపోతుంది), ఏ తేడా లేదు. ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) తీసి చూశా, బోరు నీళ్ళ తెల్ల పొర పట్టి ఉంది, వెనిగర్‌లో నానబెట్టి కడిగా, అయినా ఏ తేడా లేదు. ఎయిర్ స్టోన్ బుడగలు ఇన్‌టేక్‌లోకి (ఫిల్టర్ నీళ్ళు పీల్చుకునే గొట్టం) పోతున్నాయేమో అని దాన్ని ఆ మూలకి జరిపా. ఉహూ.

అప్పుడు బకెట్ పట్టుకున్నా. పది లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఇక్కడ ఒక్క మాట, బకెట్ నేల మీద పెట్టి కొలిస్తే ఆ నంబర్ అబద్ధం, కిందికి జారే నీళ్ళ బరువు కూడా పంపుకి సాయం చేస్తుంది. నేల మీద 45 సెకన్లు, అంటే గంటకి 800 లీటర్లు. అదే పైపు కొసని ట్యాంక్ నీళ్ళ మట్టానికి ఎత్తి, స్టూల్ మీద బకెట్‌లోకి పట్టిస్తే 61 సెకన్లు, అంటే 590. మీడియా (లోపల పెట్టే స్పాంజ్, రింగులు, దూది) మొత్తం తీసేసి ఖాళీ డబ్బాతో 38 సెకన్లు, 950కి దగ్గర. స్పాంజ్, సిరామిక్ రింగులు పెడితే 44. పైన తెల్ల దూది కుక్కగానే మళ్ళీ 61. గరగర మొదలయ్యాక అదే కొలత 95 సెకన్లు, 380 లీటర్లు! 1200 ఎక్కడ, 380 ఎక్కడ.

షాపాయన "అన్నా, కబోర్డులో నాలుగడుగుల కింద పెడితే అంతే, హెడ్ పోతది" అన్నాడు, అంటే నీళ్ళని అంత ఎత్తుకి తోయడంలోనే పంపు బలం పోతుందని. ఇది అందరూ చెప్పే మాటే గానీ తప్పు. పైపులు నిండుగా ఉన్నంతసేపు కిందికి దిగే నీళ్ళు పైకెక్కే నీళ్ళని బ్యాలెన్స్ చేస్తాయి, పంపు పోరాడాల్సింది పైపుల్లో, మీడియాలో రాపిడితోనే, ఇంకా అవుట్‌లెట్ నీళ్ళ మట్టానికి పైన ఉంటే ఆ కాస్త ఎత్తుతో.

ఈ లెక్క వేసుకుంటున్నప్పుడే వెలిగింది. కబోర్డులో నేల ఎప్పుడూ పొడిగానే ఉంది కదా! కానిస్టర్ దగ్గర పైనున్న నీళ్ళ బరువంతా తొక్కుతుంటుంది కాబట్టి అక్కడ సందు ఉంటే నీళ్ళు బయటికి కారాలి గానీ గాలి లోపలికి పోదు (ఇన్‌టేక్ బాగా మూసుకుపోతే వేరే సంగతి). గాలి లోపలికి పీల్చే చోటు ఒక్కటే, ఇన్‌టేక్ పైపు నీళ్ళలోంచి లేచి అంచు దాటి దిగే వంపు. ఆ వంపుకీ కింద నిలువు గొట్టానికీ మధ్య ఊరికే దోపే జాయింట్ ఒకటుంది, నిండు నీళ్ళప్పుడు మట్టానికి 3 సెంటీమీటర్ల కింద ఉంటుంది. ఇప్పుడు ఎండాకాలం, ట్యాంక్ 32 డిగ్రీలకి పోతోందని మూత తీసి పైన ఫ్యాన్ పెట్టా, 29కి దిగింది, కానీ రోజుకి సెంటీమీటర్ దాకా నీళ్ళు ఆవిరి, అంటే ఐదు లీటర్లు. నాలుగో రోజుకి జాయింట్ బయటపడుతుంది, గాలి పీలుస్తుంది. నీళ్ళలో మునిగి ఉన్నప్పుడూ ఆ సందు ఉంది, కాకపోతే అప్పుడు గాలికి బదులు నీళ్ళు పోయేవి. రెండు మగ్గులు పోసి జాయింట్ ముంచాను, ఒకసారి వంచి గాలి తీసేశాను, రాత్రంతా సద్దు లేదు. టెఫ్లాన్ టేప్ చుట్టి చూస్తే సగమే పనిచేసింది. పొడుగు వంపు పైపు తెచ్చి జాయింట్‌ని 12 సెంటీమీటర్లు కిందికి దింపా, అయిపోయింది.

గోల పోయింది గానీ 590 మాత్రం 590 దగ్గరే ఉంది. దూది పల్చగా చేస్తే 50 సెకన్లు. పైపు లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లే, 16ది వేద్దామంటే కానిస్టర్ నోరే చిన్నది.

ఇప్పుడు కొత్తది. ఐహైమ్ క్లాసిక్ 2217 మీద మనసు పడింది, చెప్పేది గంటకి 1000 లీటర్లే, 20 వాట్లు, నెలకి 14 యూనిట్ల కరెంటు, ఇన్‌టేక్ 16/22 పైపు (లోపల 16, బయట 22 మిల్లీమీటర్లు). రూపం మా తాతల కాలంది, విప్పి కడగడం పెద్ద పని, అయినా మీడియాకి చోటు దండిగా ఉంటుంది. సన్‌సన్ హెచ్‌డబ్ల్యూ 304బి 2000 అంటుంది, ధర బాగా తక్కువ, యూవీ లైటు కూడా ఉంది, కానీ 55 వాట్లు అంటే నెలకి 40 యూనిట్లు, పైగా ఏంజెల్స్‌కి అంత ప్రవాహం ఎందుకు. ఓయాసే బయోమాస్టర్ 350 అసలు నాకు కావాల్సింది, ముందు స్పాంజ్‌లు విడిగా బయటికి లాగి కడగొచ్చు, మొత్తం విప్పక్కర్లేదు, ధర చూస్తేనే గుండె ఆగుతుంది. డబ్బా మీద నంబర్ మాత్రం ఇక చూడను, వాట్లు, పైపు వ్యాసం, మీడియా ఎన్ని లీటర్లు పడుతుంది, ఈ మూడే.

2217 వచ్చినా పాతదాన్ని తీసెయ్యను, నెలన్నర రెండూ కలిపి నడుపుతా, నీళ్ళు శుభ్రం చేసే బాక్టీరియా కొత్తదాంట్లోనూ పెరగాలని పాత రింగులు సగం అందులోకి మారుస్తా. తర్వాత పాతదాన్ని దూది ఒక్కటే పెట్టి ఇంకో మూల వదిలేద్దామని ఉంది. కరెంటు పోతే రెండిటినీ ఇన్వర్టర్ మీద పెట్టాలి, మాది స్క్వేర్ వేవ్, పంపు హుమ్మంటోంది, ప్యూర్ సైన్ వేవ్‌ది ఎంతవుతుందో కనుక్కోవాలి. మూడు నాలుగు గంటలు ఆగిపోతే లోపలి నీళ్ళు కుళ్ళు వాసనొస్తాయి, అవి పారబోశాకే మళ్ళీ ఆన్ చేస్తున్నా.