ఆ అరవై అంకె

పదకొండు దాటింది. చిన్నమ్మ గుండె స్కాన్, ఎకో రిపోర్టు ఇంకా బల్ల మీదే ఉంది. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వు వెనక రెక్కను పట్టుకునే తంతువు తెగింది, లీకు సివియర్. తమ్ముడు సాయంత్రమంతా ఒకటే మాట: "ఈఎఫ్ 60 ఉంది కదక్కా, ఆయాసం కూడా లేదు. మాత్రలు చాలు."

ఆ 60 దగ్గరే నాకు మండింది. ఈఎఫ్ అంటే ఎడమ జఠరిక, అంటే కింది గది, ఒక్కసారి ముడుచుకుంటే తనలోని రక్తంలో ఎంత శాతం నెడుతుందో ఆ లెక్క. ఎడమ జఠరిక నెట్టిన రక్తంలో సగమో, అంతకన్నా ఎక్కువో వెనక్కి పై గదిలోకి, కర్ణికలోకి పోతోంది. అక్కడ ఒత్తిడి తక్కువ, నెట్టడం సులువు. అందుకే కండరం అలసిపోతున్నా అంకె బాగానే కనబడుతుంది. ఈ జబ్బులో ఈఎఫ్ 60కి దిగితే, లేదా ముడుచుకున్నప్పుడు జఠరిక కొలత 40 మిల్లీమీటర్లకు చేరితే, ఆయాసం లేకున్నా ఆపరేషన్ చెప్తారు. చిన్నమ్మది 41. మాత్రలు నీరు లాగుతాయి, బీపీ తగ్గిస్తాయి. తెగిన తంతువును అతికించవు.

అసలు ఆయాసం లేదని ఎవరన్నారు? అలిపిరి నుంచి మూడువేల అయిదొందల పైచిలుకు మెట్లు, ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కేది చిన్నమ్మ. మేం వెనకబడితే గాలిగోపురం దగ్గర కూర్చుని మజ్జిగ తాగుతూ మాకోసం చూసేది. రెండేళ్ళుగా బస్సులో పోతోంది. అడిగితే "మోకాళ్ళు నాయనా" అంది, మేమూ నమ్మేశాం. ఆయాసం రాకుండా నడకే తగ్గించేసుకుంది. రిపోర్టులో రాయని లక్షణం అది.

మెటల్ వాల్వు వేయిస్తే మళ్ళీ చూడక్కర్లేదనుకున్నాను మొదట. ఇప్పుడు కాదనిపిస్తోంది. దానికి రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వేసుకోవాలి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష ఐఎన్‌ఆర్ 2.5కీ 3.5కీ మధ్య నిలవాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరలు ఆ మందు పనిని తగ్గిస్తాయి; మానక్కర్లేదు, కానీ వారం వారం ఒకే లెక్కలో తినాలి. తమ్ముడి భయం ఇదేనేమో, ఊరికే కసిరాను. జంతు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వుకు ఆ బెడద తక్కువే గానీ పది పదిహేనేళ్ళకు అరుగుతుంది. చిన్నమ్మకు అరవై రెండే.

వెనక రెక్క తంతువు తెగితే రిపేరుకు బాగా అనువు. గోర్‌టెక్స్ దారంతో కొత్త తంతువు కుట్టి, చుట్టూ రింగు బిగిస్తారు. సొంత వాల్వే మిగులుతుంది. తొడ సిర గుండా వెళ్ళి రెక్కలను కలిపి పట్టే క్లిప్పు, ఛాతీ తెరిస్తే తట్టుకోలేని వాళ్ళకు. సర్జన్‌ను ఏడాదికి ఎన్ని రిపేర్లు చేస్తారో అడగాలి. చెయ్యి అలవాటున్న చోటే ఇది నిలుస్తుంది.

రేపు గొంతులోంచి చేసే ఎకో, ఆరు గంటలు పరగడుపు. పళ్ళ డాక్టరుకూ చూపించాలి. పుచ్చు పన్ను ఉంటే, దాని క్రిములు గుండెకు పాకకుండా, ఆపరేషన్‌కు ముందే బాగుచేయించాలి, లేదా తీయించాలి. తమ్ముడికి పొద్దున్నే ఫోన్ చేయాలి.